అమ్మ ముఖం, వెనక గోడ

కిందటి ఉగాది నాడు మన సంఘం హాల్లో పంచాంగ శ్రవణం అయి, పులిహోర పొట్లాలు పంచుతుండగా ఒక కుర్రవాడు నా దగ్గరికి వచ్చాడు. మెడలో కొత్త కెమెరా. "అంకుల్, మీరు ఫోటోలు బాగా తీస్తారని నాన్న చెప్పారు. మనిషి తేటగా, వెనకంతా మసకగా రావాలంటే ఏ లెన్సు కొనాలి?" అని అడిగాడు.

"యాభై మిల్లీమీటర్లది, ఎఫ్ 1.8 కొనుక్కో. చవక. ఏడాది దాకా ఇంకో లెన్సు మాట ఎత్తవు" అన్నాను. సంతోషంగా వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చాక నాకే మనసు కుదుటపడలేదు. లెన్సు పేరయితే చెప్పాను గాని, ఆ లెన్సు నాకు ఇచ్చిందేమిటో, నా దగ్గర్నుంచి పట్టుకుపోయిందేమిటో చెప్పలేదు. వడ్డీ సంగతి చెప్పకుండా అప్పు పత్రం మీద సంతకం పెట్టించుకున్నట్టయింది. ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో పనిచేసినవాడు చేయదగ్గ పని కాదది. అందుకే ఈ వ్యాసం.

కిటికీ లేని గది

మాది బరంపురం. ఒడిశాలో ఉన్నా తాతల నాటి నుంచీ ఇంట్లో తెలుగే. మా పాత ఇల్లు ఆ వీధిలోని మిగతా ఇళ్ళలాగే వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. రెండు పక్కలా పొరుగువారి గోడలు. వీధి గది, దాని వెనక నడిమి గది, ఆ వెనక వంటిల్లు, చివర పెరడు. నడిమి గదికి కిటికీ లేదు. పైకప్పులో ఒకే ఒక గాజు పెంకు ఉండేది. అమ్మ మధ్యాహ్నాలు సరిగ్గా ఆ పెంకు కింద పీట వేసుకుని, ఒడిలో దూది పెట్టుకుని వత్తులు చేసుకునేది. ఆమె వెనక ఆరేడు అడుగుల దూరంలో గోడ.

2012లో నేను మొదటి డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరా కొన్నాను. దానితో పాటు అందరికీ ఇచ్చే 18-55 జూమ్ లెన్సే నాకూ ఇచ్చారు. ఆ వెలుతురులో అమ్మను తీస్తే ప్రతి ఫోటోలోనూ చేతులు అలికేసినట్టు వచ్చేవి. ఫ్లాష్ వేద్దామంటే అప్పటికే ఆమెకు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. "ఒరేయ్, ఆ మెరుపు వద్దురా, కళ్ళు చెదిరిపోతున్నాయి" అనేది. 2013లో ఆ బాధ పడలేకే యాభై మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు కొన్నాను. మసక కోసం కొనలేదు, వెలుతురు కోసం కొన్నాను. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఎఫ్ నంబరు లెక్క

నేను బి.కాం. చదివినవాణ్ణి. సైన్సు నా దారి కాదు. అయినా ఎఫ్ నంబరు చూసి నేను భయపడలేదు, ఎందుకంటే అది వట్టి భాగహారం. లెన్సు ఫోకల్ లెంగ్తును, అందులో వెలుతురు దూరే కంత అడ్డకొలతతో భాగిస్తే వచ్చేదే ఎఫ్ నంబరు. 50 మి.మీ. లెన్సులో ఎఫ్ 1.8 అంటే కంత అడ్డకొలత దాదాపు 28 మి.మీ. అదే లెన్సు ఎఫ్ 5.6లో ఉంటే కంత 9 మి.మీ.కి కాస్త తక్కువ. కంత పెద్దదైన కొద్దీ అంకె చిన్నదవుతుందన్న మాట. కొత్తవాళ్ళు తికమకపడేది ఇక్కడే.

కంత వైశాల్యం అడ్డకొలత వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి ఎఫ్ 5.6తో పోలిస్తే ఎఫ్ 1.8లో తొమ్మిదిన్నర రెట్లకు పైగా వెలుతురు వస్తుంది. మా నడిమి గదిలో జూమ్ లెన్సు చివరికంటా లాగితే ఎఫ్ 5.6 మాత్రమే వచ్చేది, షట్టర్ సెకనులో ఆరో వంతు తెరిచి ఉండవలసి వచ్చేది. అంతసేపట్లో అమ్మ వేళ్ళు వత్తిని ఒక మెలిక తిప్పేసేవి. ఎఫ్ 1.8 పెట్టగానే అదే వెలుతురులో సెకనులో అరవయ్యో వంతు సరిపోయింది. షట్టర్ త్వరగా మూసుకునే వీలిస్తుంది గనకే దీన్ని ఫాస్ట్ లెన్సు అన్నారు. ప్రైమ్ అంటే జూమ్ లేనిది. దగ్గరగా తీయాలంటే మన కాళ్ళే ముందుకు నడవాలి.

ఇది కొత్త సంగతేమీ కాదు. ఫోటోగ్రఫీ లోకానికి తెలిసింది 1839లో. తొలి రోజుల్లో కెమెరా ముందు మనిషి నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసి వచ్చేది. వియన్నాలో జోసెఫ్ పెట్స్వాల్ అనే గణిత ఆచార్యుడు 1840లో సుమారు ఎఫ్ 3.6 లెన్సుకు లెక్క కట్టి ఇచ్చాకనే మనుషుల ఫోటోలు తీయడం సులువయింది. నేటి యాభై మిల్లీమీటర్ల లెన్సుల్లో చాలావాటికి మూలం, 1896లో జర్మనీలోని జైస్ కంపెనీలో పాల్ రుడాల్ఫ్ రూపొందించిన ప్లానార్ లెన్సు. వీళ్ళంతా వెతికింది వెలుతురు కోసమే. మసక దాని వెంట వచ్చిన కొసరు. ఆ కొసరే ఇప్పుడు అసలై కూర్చుంది. జపాను వాళ్ళు ఆ మసకను "బొకే" అంటారు. 1997లో ఒక అమెరికన్ ఫోటో పత్రిక ఆ మాటను ఇంగ్లీషు చదువరులకు పరిచయం చేసింది. ఇప్పుడు కెమెరా పట్టిన ప్రతివాడి నోటా అదే మాట.

తేటగా ఉండే మందం ఎంత?

కంత పెద్దదైతే, ఫోకస్ చేసిన చోటు నుంచి ముందుకూ వెనక్కూ కాస్త మందం మాత్రమే తేటగా వస్తుంది. దీన్నే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. మామూలు ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న కెమెరాకు 50 మి.మీ. లెన్సు పెట్టి, ఒకటిన్నర మీటర్ల దూరంలో మనిషిని తీస్తున్నామనుకోండి. ఎఫ్ 1.8లో ఆ మందం సుమారు 6 సెంటీమీటర్లు. అంటే కన్ను తేటగా ఉంటే చెవి మెత్తబడిపోతుంది. ఎఫ్ 4లో సుమారు 13, ఎఫ్ 8లో సుమారు 26 సెంటీమీటర్లు. దూరం కూడా లెక్కలోకి వస్తుంది. అదే లెన్సుతో, అదే ఎఫ్ 1.8లో మూడు మీటర్లకు వెనక్కి జరిగితే మందం 24 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. దూరం రెట్టింపు, మందం నాలుగు రెట్లు. చక్రవడ్డీ చూసినవాళ్ళకు ఈ పెరుగుదల వింతగా తోచదు.

వెనక బాగా మసకబారాలంటే మూడు ఉపాయాలు. కంత పెద్దది చేయడం, మనిషికి దగ్గర కావడం, మనిషిని వెనక గోడకు దూరంగా కూర్చోబెట్టడం. మొదటిదానికి డబ్బు కావాలి. తక్కిన రెండింటికీ కాణీ ఖర్చు లేదు. గోడకు ఆనించి నిలబెట్టి "మసక రాలేదండీ" అని లెన్సును తిట్టేవాళ్ళను చాలామందిని చూశాను.

ఏది కొనాలి?

మొదటి ప్రశ్న: మీ ఇంటి గదులెంత? ఏపీఎస్-సీ కెమెరా మీద 50 మి.మీ. లెన్సు దృశ్యాన్ని బాగా దగ్గరికి లాగుతుంది. రెండు మీటర్ల నుంచి కెమెరా అడ్డంగా పట్టుకుంటే మూడడుగుల వెడల్పు మాత్రమే పడుతుంది. చిన్న గదిలో వెనక్కి జరుగుతూ జరుగుతూ మన వీపు గోడకు తగులుతుంది. 35 మి.మీ. అయితే అదే దూరం నుంచి సుమారు నాలుగున్నర అడుగులు పడుతుంది. ఇంట్లో పిల్లల్ని, పెద్దల్ని తీయడానికి నన్నడిగితే 35 మేలు. ముఖాలే ముఖ్యమంటే 50. పెద్ద సెన్సర్, అంటే ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఉన్నవాళ్ళకు ఇంట్లోకి 50, ముఖాలకు 85.

రెండో ప్రశ్న: ఎఫ్ 1.8 చాలా, 1.4 కావాలా? 1.8తో పోలిస్తే 1.4 ఇచ్చే వెలుతురు సుమారు 1.6 రెట్లు. సరుకు మీద ఆ మాత్రం లాభానికి ధర ఎన్ని రెట్లు పెడుతున్నామో దుకాణంలో అడిగి చూసుకోండి. బరువూ పెరుగుతుంది. ఫోటోలు తీసి సంపాదించేవారి సంగతి వేరు. మనలాంటి గృహస్థులకు 1.8 చాలు.

మూడోది: లెన్సు మీ కెమెరాకు సరిగా కుదురుతుందా? పాతవి కొనేవారు ఇక్కడ దెబ్బతింటారు. నికాన్‌లో ఏఎఫ్-డి రకం లెన్సులకు సొంత మోటారు ఉండదు. డీ 3000, డీ 5000 వరసల కెమెరాలలోనూ ఆ మోటారు లేదు. రెండూ కలిపితే లెన్సు పనిచేస్తుంది గాని ఫోకస్ మనమే చేత్తో తిప్పుకోవాలి. ఆ కెమెరాలకు ఏఎఫ్-ఎస్ రకం తీసుకోవాలి. కానన్ ఈఎఫ్ లెన్సులను వాళ్ళ కొత్త ఆర్ వరస కెమెరాలకు అడాప్టర్ పెట్టి వాడుకోవచ్చు. కానన్ వారి పాత 50 ఎఫ్ 1.8 రెండో రకంలో కంతను మూసే రేకులు అయిదే. కాస్త మూస్తే దూరాన ఉన్న దీపాలు అయిదు మూలలుగా కనిపిస్తాయి. 2015లో వచ్చిన ఎస్‌టీఎం రకంలో రేకులు ఏడు. దీపావళి నాడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

నాలుగోది బూజు. యానాం, బరంపురం వంటి తేమ ఊళ్ళలో ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్తపడాలి. పాత లెన్సు కొనేటప్పుడు రేకులు పూర్తిగా తెరిచి, ఒక వైపు నుంచి టార్చి వేసి, రెండో వైపు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే దణ్ణం పెట్టి తిరిగి వచ్చేయండి. నేనొకసారి తొందరపడి అలాంటిది కొని, శుభ్రం చేయించడానికి కొన్నంత డబ్బు పెట్టాను. ఇంట్లో మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు ఉంచితే చాలు. తోలు సంచిలో వేసి బీరువాలో మరచిపోకండి.

వాడేటప్పుడు

ఫోకస్ ఎప్పుడూ కంటి మీదే, అదీ మనకు దగ్గరగా ఉన్న కంటి మీద. కెమెరాకు వదిలేస్తే ముక్కునో, ముక్కుపుడకనో పట్టుకుంటుంది. ఒకే ఫోకస్ బిందువు ఎంచుకుని దాన్ని కంటి మీదకు జరపండి. మధ్య బిందువుతో ఫోకస్ చేసి, తర్వాత కెమెరా తిప్పే పాత అలవాటు 6 సెంటీమీటర్ల మందంలో పనికిరాదు. తిప్పేలోపే కన్ను ఆ మందం దాటిపోతుంది. ఊపిరికి మన ఒళ్ళు ఊగినా అంతే. అందుకే ఒకటికి మూడు తీయండి. కంటిని తానే వెతికి పట్టే కొత్త కెమెరాలు ఉన్నవారికి ఈ తిప్పలు చాలావరకు లేవు.

చేతి వణుకు రాకుండా 50 మి.మీ. లెన్సుకు ఏపీఎస్-సీ కెమెరా మీద సెకనులో 80వ వంతు, లేదా అంతకన్నా తక్కువ సమయం పెట్టుకోవడం మంచిది. నేను అరవైతో నెగ్గుకొచ్చానంటే అమ్మ ఎదురుగా నేనూ నేల మీద కూర్చుని, మోచేతులు మోకాళ్ళకు ఆనించుకునేవాణ్ణి. కదిలే మనుషులకు ఇదీ చాలదు. మా ఊళ్ళో రెండేళ్ళకొకసారి జరిగే ఠాకురాణి యాత్రలో రాత్రిపూట పులివేషాలు తీయాలంటే ఎఫ్ 2, ఐఎస్ఓ 1600, సెకనులో 125వ వంతు పెట్టుకుంటాను.

మిట్ట మధ్యాహ్నం ఎండలో కథ తిరగబడుతుంది. ఐఎస్ఓ 100లో ఎఫ్ 1.8 వాడాలంటే షట్టర్ సెకనులో 8000వ వంతు దాకా పోవాలి. చాలా కెమెరాలు 4000 దగ్గరే ఆగిపోతాయి, ఫోటో తెల్లబోతుంది. నీడలోకి జరగండి, లేదా కంత మూయండి. పట్టుచీర జరీ అంచుల చుట్టూ, నగల మెరుపుల చుట్టూ పూర్తిగా తెరిచిన లెన్సు ఊదారంగు చార కనబరుస్తుంది. ఎఫ్ 2.8కి వస్తే చాలావరకు తగ్గుతుంది. ఇక పెళ్ళిలో రెండు వరసల గ్రూప్ ఫోటోను ఎఫ్ 1.8లో తీసి, వెనక వరస మేనమామలకు కోపం తెప్పించకండి. ఎఫ్ 5.6 లేదా 8.

ఫోన్లో వచ్చే మసక వేరు. ఫోన్ కంత నాలుగైదు మిల్లీమీటర్లు కూడా ఉండదు. కాబట్టి అందులో దాదాపు అంతా తేటగానే పడుతుంది. 2016 తర్వాత బాగా వాడుకలోకి వచ్చిన పోర్ట్రెయిట్ మోడ్, మనిషి ఎక్కడ ఆగి వెనక ఎక్కడ మొదలయిందో లెక్కగట్టి మసకను పూస్తుంది. జడలోని మల్లెల దగ్గర, చెదిరిన జుట్టు దగ్గర ఆ లెక్క తప్పుతూ ఉంటుంది.

పోయిందేమిటి?

2013 నుంచి మూడేళ్ళలో అమ్మవి రెండు వందలకు పైగా ఫోటోలు తీశాను. అన్నీ ఎఫ్ 1.8లోనే. ముడతలు పడిన వేళ్ళు, దూది పోగు, కళ్ళద్దాల మీద గాజు పెంకు వెలుగు. అప్పుడు ప్లస్ టూ చదువుతున్న మా అమ్మాయి, "నాన్నా, సినిమాలోలాగా ఉంది" అంది. నాకు గర్వంగానే ఉండేది. వెనక గోడ ఏ ఫోటోలోనూ లేదు. ఉన్నదల్లా ఒక గోధుమరంగు పొగ. అంత బాగా మసకబారినందుకే మురిసిపోయాను.

2016లో అమ్మ పోయింది. 2018లో ఇల్లు అమ్మేశాం. కొన్నవారు పడగొట్టి కొత్తది కట్టుకున్నారు. అది వాళ్ళ హక్కు.

2022లో పుణే నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, మామ్మ గదిలో గోడ మీద నా ఎత్తు గీతలుండేవి కదా. నిన్న మా బాబుకి మొదటి గీత గీశాం. ఆ గోడ ఫోటో ఏదైనా ఉంటే పంపించవూ?" అంది.

కంప్యూటర్ ముందు కూర్చుని రెండు వందల ఫోటోలూ ఒక్కొక్కటే చూశాను. ఆ గోడ మీద ఏముండేదో నాకు తెలుసు. గుమ్మం పక్కన మా పిల్లల ఎత్తు గీతలు, పేర్లు, సంవత్సరాలు. పక్కన పెన్సిలుతో అమ్మ రాసుకున్న పాల లెక్క. నెలకొక వరస, పాలు రాని రోజున సున్నా. నేను బ్యాంకులో చేరక ముందే చూసిన మొదటి లెడ్జర్ అది. నెలాఖరున పాలవాడు ఒడియాలోనూ అమ్మ తెలుగులోనూ వాదించుకుని, ఆ గోడ దగ్గరే లెక్క తేల్చుకునేవారు. పైన నాన్నగారి చేతిరాతలో చుట్టాల ఫోన్ నంబర్లు. ఇవన్నీ నా ఫోటోల్లో పొగలో కలిసిపోయాయి. ఉత్సాహం కొద్దీ లెక్క కట్టి చూశాను. నేను తీసిన దూరాల్లో ఆ గోడ మీద ఒక్కొక్క చుక్కా సుమారు నాలుగు సెంటీమీటర్ల వెడల్పున పరుచుకుపోయింది. పెన్సిలు రాత మిగిలే ప్రశ్నే లేదు. ఫోకస్ తప్పిన రాతను ఏ సాఫ్ట్‌వేరూ ఉన్నదున్నట్టు తిరిగి తేలేదు.

చివరికి దొరికిన ఫోటో నాది కాదు. మా బావగారు తన చిన్న జేబు కెమెరాతో, ఫ్లాష్ వేసి, అమ్మ వద్దంటున్నా తీసింది. అమ్మ కళ్ళు సగం మూసుకుంది. బుగ్గ మీద ఫ్లాష్ మెరుపు. ఆ ఫోటో చూసి అప్పట్లో నేను ఆయన్ను నవ్వులాటకు ఎంత ఏడిపించానో! కానీ అందులో గోడ ఉంది. మా అమ్మాయి గీత, పక్కన 2003. పాల లెక్కలో రెండు వరసలు, వాటిలో మూడు సున్నాలు. ఇప్పుడు మా అక్క ఇంట్లో, మా ఇంట్లో, పుణేలో మూడు చోట్లా గోడకు ఉన్నది ఆ ఫోటోయే. నేను తీసినవాటిలో ఒకటి మా పూజగదిలో ఉంది. రెండూ కావాలి. రెండోది తీయాలని నాకు తోచలేదు, అంతే.

నేను పెట్టుకున్న నియమం

ఇప్పుడు ఎవరింటికి కెమెరాతో వెళ్ళినా జమా ఖర్చుల్లాగా రెండు పద్దులు రాస్తాను. మొదటిది ఎఫ్ 1.8లో ముఖం కోసం. రెండోది ఇంటి కోసం. రెండోదానికి 50 మి.మీ. లెన్సును ఎఫ్ 8కి మూసినంత మాత్రాన చాలదు. దగ్గర్నుంచి తీస్తే గోడ అప్పటికీ మెత్తగానే ఉంటుంది. కెమెరాతో వచ్చిన ఆ మామూలు జూమ్ లెన్సే దీనికి తగినది. 18 మి.మీ., ఎఫ్ 5.6, మూడు మీటర్ల దగ్గర ఫోకస్. ఒకటిన్నర మీటర్ల నుంచి కనుచూపు మేర దాకా అంతా తేటగా వస్తుంది. చీకటి గదైతే కెమెరాను స్టూలు మీద పెట్టి, సెల్ఫ్ టైమర్ నొక్కి, పెద్దవారిని ఒక్క క్షణం కదలవద్దనండి. ఫోన్ ఉన్నా చాలు, పోర్ట్రెయిట్ మోడ్ తీసేసి మామూలుగా తీయండి. ముఖాన్ని విడిగా చూపాలంటే మసకను తర్వాతైనా పూసుకోవచ్చు.

మన కుటుంబాలు షోలాపూర్లో, హోసూరులో, బెంగళూరులో, బరంపురంలో తరాలుగా ఉంటున్నాయి. మనవాళ్ళ ముఖాలు ఎక్కడైనా మన ముఖాలే. ఏ ఊళ్ళో, ఎలాంటి ఇంట్లో బతికామో చెప్పేది మాత్రం వెనకున్న గోడే. పాత ఇళ్ళు ఒక్కొక్కటే పోతున్నాయి. వచ్చే దసరాకి పెద్దవాళ్ళ ఇంటికి వెళ్ళేటప్పుడు ఫాస్ట్ లెన్సు తప్పకుండా తీసుకువెళ్ళండి, ఆ మామూలు లెన్సు కూడా సంచిలో వేసుకోండి.

ఆ కుర్రవాడి పేరడగడం మరచిపోయాను. ఈ సంచిక వాళ్ళింటికి కూడా వెళుతుంది కదా. బాబూ, నువ్వు కొన్న లెన్సు మంచిదే. మీ తాతగారి ఇంట్లో మాత్రం ఒక్కొక్కసారి దాన్ని తీసి పక్కన పెట్టు.